చూపడానికి గాయము లేనివారు: 'ది డిజేబుల్డ్ గాడ్' గ్రంథముపై కొండాపురం మెట్ట నుండి ఒక విమర్శ

నాన్సీ ఐస్‌ల్యాండ్ 1994లో వెలువరించిన 'ది డిజేబుల్డ్ గాడ్' వైకల్య వేదాంతానికి ఒక ఆధార గ్రంథం. లూకా 24లో పునరుత్థానుడైన క్రీస్తు శిష్యులకు తన చేతులు, పాదాలు చూపించాడు. మహిమ శరీరంలో కూడా గాయాలు మిగిలే ఉన్నాయి గనుక వైకల్యాన్ని పాపఫలంగా గాని, విశ్వాసలోపంగా గాని బోధించడం చెల్లదని ఆమె వాదన. స్వస్థత కూడికల్లో నూనె పూసి, లేచి నడవనివాణ్ణే నిందించి పంపే అలవాటు మన సంఘాల్లో ఇంకా ఉంది. కనుక ఈ వాదన బలాన్ని మేము ఏమాత్రం తగ్గించి చూపబోము.

అయితే ఆటిజం గల వయోజనుని పక్షాన నిలబడి చదివితే గ్రంథం ఒకచోట ఆగిపోతుంది. గాయం కంటికి కనబడుతుంది, తోమా అడిగితే చూపవచ్చు. ఆటిజం గలవానికి చూపడానికి ఏమున్నది?

మేము ఎరిగిన కొండాపురం ప్రాంతపు ఒక పల్లె సంఘంలో ముప్పయి దాటిన సహోదరుడొకడు ఉన్నాడు. మైకు పెట్టగానే చెవులు మూసుకొని బయట వేపచెట్టు కిందికి పోతాడు. కీర్తనల సంఖ్యలన్నీ అతనికి కంఠస్థం. ఊరు అతణ్ణి 'మాలోకం' అంటుంది. 'మావోడంతేలే అయ్యగారూ' అంటుంది తల్లి. ఆ మాటలో అంగీకారం లేదనలేము. పాశ్చాత్య గ్రంథాలు వెదికే సహవాసం పల్లెలో కొంతవరకు ఉన్నదే. 1840లో నెల్లూరులో స్థిరపడిన అమెరికన్ బాప్టిస్టు మిషను చరిత్రలో విశ్వాసం వ్యక్తిగా కంటె పల్లెగా వచ్చింది. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో ఒకే దినమున 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి మన పాఠకులకు తెలిసినదే. కాని గుంపు తనను ఒప్పుకోవడం వేరు, తనను తాను ఒప్పుకోవడం వేరు. 'అంతేలే' అన్నవారిలో ఒక్కరూ అతణ్ణి ఏమీ అడగలేదు. మేమూ చాలాకాలం అడగలేదు.

ఈ లోపాన్ని మాకు పట్టి చూపినది మరొక పుస్తకం. లిడియా బ్రౌన్, ఈ. అష్కెనాజీ, మొరెనికె గివా ఒనైవు సంపాదకులుగా 2017లో వచ్చిన 'ఆల్ ది వెయిట్ ఆఫ్ అవర్ డ్రీమ్స్' సంకలనంలో నల్లజాతివారు, ఇతర వర్ణాలవారు అయిన ఆటిజం గలవారే రాశారు. తల్లిదండ్రులు, వైద్యులు వారి తరఫున మాట్లాడలేదు. అమెరికాలో నల్లజాతి బిడ్డకు ఆటిజం అని తేలడం తరచు ఆలస్యమవుతుంది. తెల్లవాని విషయంలో లక్షణమనుకున్నది ఇతని దగ్గరకు వచ్చేసరికి పొగరు, బెదిరింపు అవుతుంది. మా మెట్టలో కులం ఇదే పని తలక్రిందులుగా చేస్తుంది. దళితుడు ఎదుటివాని కళ్లలోకి చూడకపోతే దానిని అందరూ వినయమంటారు. ఉన్నది ఉన్నట్టు మొహం మీద అంటే మాత్రం అది పొగరే. చూపు కలపలేనివాడు ఆ వినయం చాటున ఏళ్ల తరబడి మరుగైపోతాడు. ఐస్‌ల్యాండ్ గ్రంథంలో ఈ మరుగుకు చోటు లేదు. ఆమె చెప్పిన దేహానికి గాయమున్నది గాని కులము లేదు.

కాగితాల సంగతి చూడండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులం వాడు కాడు. మన రాష్ట్రంలో అతడు బీసీ-సీ. చాలామందికి గుడిలో ఒక పేరు, సర్టిఫికెట్టులో ఇంకొక పేరు. 1995 వికలాంగుల చట్టంలోని ఏడు వైకల్యాలలో ఆటిజం లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం దాని పేరెత్తినా, వైకల్య హక్కుల చట్టంలోకి అది వచ్చింది 2016లోనే. అంతకుముందు పెరిగినవారిలో ధ్రువపత్రం దొరికినవారు తరచు బుద్ధిమాంద్యం కింద నమోదయ్యారు. ఏ కాగితమూ తాను ఎవరో చెప్పని మనిషిని పట్టుకొని 'నిన్ను నీవు అంగీకరించుకో' అని ప్రసంగించడం ఎంత తేలిక!

ఆ 'మాంద్యము' అన్న మాటే మన తెలుగు బైబిలులో నిర్గమకాండము 4:10లో మోషే నోట వస్తుంది. ఐస్‌ల్యాండ్ సువార్తలలో వెదికినదానికి తోడుగా ఈ భాగాన్ని చదవాలని మా సూచన. దేవుడు ఆ నాలుకను బాగుచేయలేదు. పంపడం మానలేదు. తోడుగా అహరోనును ఇచ్చాడు. మన ప్రసంగీకులు సాధారణంగా ఇక్కడితో ముగించి అహరోను పరిచర్యను మెచ్చుకుంటారు. సంఘకాపరులమైన మాకు అది అనుకూలమైన ముగింపే, మేమే అహరోనులము గనుక. కాని 32వ అధ్యాయంలో మోషే కొండమీద ఉన్న సమయాన, జనులు అడిగినదే తడవుగా దూడను పోతపోసినవాడు ఆ వక్తయే. ఇక ద్వితీయోపదేశకాండములోని దీర్ఘ ప్రసంగాలు మాంద్యము గల ఆ నోటినుండే వచ్చాయి. అప్పటికి అహరోను లేడు.