బూటులో బొటనవేలు

2025 ఏప్రిల్‌లో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ అరకు దగ్గర డుంబ్రిగూడ మండలం పెదపాడు వెళ్లారు. అక్కడివాళ్లు ఉత్త కాళ్లతో నడవడం చూసి, తర్వాత ఊరందరికీ చెప్పులు పంపించారు. చెప్పులతో కాలిగోరు పక్క కండలోకి గుచ్చుకునే బాధ పెద్దగా రాదు, వేళ్లకు చోటుంటుంది. రాళ్లూ ముళ్లూ ఎరిగిన పాదానికి ఈ కొత్త నొప్పి తెచ్చేది ఇరుకు బూటు.

ప్రభుత్వ బడి పిల్లలకు 2020 నుంచి విద్యా కిట్‌లో బూట్లూ సాక్సులూ ఇస్తున్నారు. జూన్‌లో సరిపోయిన బూటు సంక్రాంతికి బిగుసుకుంటుంది. కొండ దిగేటప్పుడు ఒంటి బరువంతా ముందుకొచ్చి బొటనవేలు బూటు ముక్కుకు కొట్టుకుంటుంది. ఏజెన్సీలో దిగుడు లేని దారేది? పైగా వానాకాలమంతా ఆరని సాక్సులు. నానిన చర్మంలోకి గోరు సులువుగా దిగుతుంది.

సగం తప్పు బూటుదైతే మిగతా సగం మన బ్లేడుది. చేతిగోళ్లలాగే కాలిగోళ్లనూ గుండ్రంగా, మూలలు లోతుగా తీసేస్తాం. పైకి శుభ్రంగానే కనిపిస్తుంది. లోపల మాత్రం చిన్న మొన మిగిలి, గోరు పెరిగే కొద్దీ కండలోకి దిగుతుంది. నొప్పి పుట్టిందని ఆ మూలనే మళ్లీ తవ్వుతాం, అదింకా లోతుకు పోతుంది. బొటనవేలి గోరు మొదలంటా కొత్తది రావడానికి ఏడాది పైనే పడుతుంది, కాబట్టి ఒక్క కోత తప్పినా నెలల తరబడి భరించాలి. నేను స్నానం చేశాక, గోరు మెత్తబడ్డప్పుడు, అడ్డంగా తిన్నగా తీస్తాను. మూలలు వేలి అంచు దాకా వదిలేస్తాను. (శుక్రవారం గోళ్లు తీయకూడదనే పెద్దలతో నాకు పేచీ లేదు. అరకు సంత ఆ రోజే, తీరికెక్కడిది?)

ఎర్రబడి సలుపుతుంటే గోరువెచ్చని నీళ్లలో రోజుకు రెండు మూడుసార్లు, పావుగంట చొప్పున కాలు పెట్టుకోండి. తుడిచి ఆరబెట్టి, గోరంచు కింద శుభ్రమైన దూది పోగు ఉంచండి. కొన్నాళ్లు చెప్పులే వేసుకోండి. వాచిన వేలికి బూటు తొడిగితే గోరుచుట్టు మీద రోకటిపోటే. చీము కనిపించినా, ఎరుపు పైకి పాకినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. మత్తిచ్చి ఆ పక్క గోరు మాత్రమే తీస్తారు, అదే రోజు ఇంటికి పంపుతారు. షుగరున్నవాళ్లు ఇంట్లో అసలు ప్రయోగాలు చేయొద్దు.

ఆశ్రమ పాఠశాల వార్డెన్లకూ మాస్టార్లకూ ఒక మనవి. ఈసారి బూట్లు పంచేటప్పుడు పిల్లల్ని సాక్సులు తొడిగించి నిలబెట్టి, బూటు ముందు భాగాన్ని నొక్కి చూడండి. కాలివేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ లేకపోతే పెద్ద సైజు ఇప్పించండి. సంక్రాంతి సెలవుల తర్వాత మరోసారి చూడండి.