సంఘం షాట్: శ్రామిక లఘుచిత్రోత్సవాలలో విమర్శాధికారం

శ్రామికులు తీసిన లఘుచిత్రాలకు వేదిక కల్పించే చిత్రోత్సవాల గురించిన చర్చలో తరచుగా వినిపించే మాట 'ప్రోత్సాహం'. కెమెరా సమకూర్చడం, శిక్షణ ఇప్పించడం, తెరను అందుబాటులోకి తేవడం ఈ మాట కిందికి వస్తాయి. వీటి అవసరాన్ని కాదనలేం. అయితే చిత్రం ముగిసి దీపాలు వెలిగిన తరువాత దాని బాగోగులను తేల్చే అధికారం ఎవరిదన్న ప్రశ్నకు ఈ మాటలో సమాధానం లేదు. 'చిక్కనవుతున్న పాట' (1995) వెలువడిన దశాబ్దంలో స్వానుభవం, సహానుభూతి అనే పదాల చుట్టూ తెలుగు సాహిత్యవిమర్శ చేసిన వాదం ఎవరు రాయాలన్న దగ్గర మొదలై, ఎవరు విలువ కట్టాలన్న దగ్గరికి చేరింది. శ్రామిక చలనచిత్రం విషయంలో ఆ రెండవ దశ ఇంకా రావలసే ఉంది.

ఆ దశ ఎలా ఉంటుందో సూచించే ఒక సందర్భం ఫ్రాన్స్‌లో ఉంది. 1967లో బెజాన్సోన్ నగరంలోని రోడియాసెటా కర్మాగారంలో జరిగిన సమ్మెపై క్రిస్ మార్కర్, మారియో మారే ఒక చిత్రం తీశారు. 1968లో దాన్ని కార్మికులకే ప్రదర్శించినప్పుడు వారు అభినందనలతో సరిపెట్టలేదు. తమ జీవితాన్ని బయటివారి భావుకతతో చూశారనీ, స్త్రీలను భార్యలుగా తప్ప కార్మికులుగా చూపలేదనీ ఆక్షేపించారు. కార్మికుల చిత్రాన్ని కార్మికులే తీయాలని మార్కర్ అంగీకరించాడు. ఆ చర్చ ధ్వనిముద్రణ 'లా షార్నియేర్' పేరుతో నిలిచింది. ఆ ఫ్రెంచి మాటకు తలుపు బందు అని అర్థం. పేరు సార్థకం. ఆ తలుపు తెరుచుకున్నాకే, 1932లో రైలుబండిలో తిరుగుతూ శ్రామికుల మధ్య చిత్రాలు తీసి అక్కడే చూపిన సోవియట్ దర్శకుడు మెద్వెద్కిన్ పేరిట బెజాన్సోన్ కార్మికులు ఒక బృందంగా ఏర్పడ్డారు. వారి 'క్లాస్ ద లుత్' (1969)లో కేంద్రస్థానం గడియారాల కర్మాగారంలో పనిచేసే ఒక మహిళది. మొదటి చిత్రంలో భర్త పక్కన బిడియంగా కనిపించిన స్త్రీ ఆమే. అంటే రెండవ చిత్రాన్ని పుట్టించింది ప్రోత్సాహం ఒక్కటే కాదు, మొదటి చిత్రంపై ప్రేక్షకులు చేసిన విమర్శ కూడా. ఆ తరువాత అదే బృందం 'నూవెల్ సొసియెతె' శీర్షికతో కొన్ని నిమిషాల నిడివిగల చిత్రాలు తీసింది. 'నూతన సమాజం' అన్నది అప్పటి ఫ్రెంచి ప్రధానమంత్రి నినాదం. దాన్ని ఎత్తిపొడుపుగా మార్చుకున్న ఆ లాఘవాన్ని ఏ సాహిత్య విద్యార్థి అయినా గుర్తిస్తాడు.

పస్తాపూర్ సందర్భం ఇంతకంటె లోతైనది. జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలలోని మహిళలు, ఎక్కువమంది దళితులు, చిన్నకమతాల రైతులు, కూలీలు, కెమెరా పట్టడం నేర్చుకున్నారు. వరంగల్ జిల్లా రైతుల బీటీ పత్తి అనుభవంపై 2003లో వారు తెచ్చిన చిత్రం విస్తృత చర్చకు వచ్చింది. కాని విమర్శకుని దృష్టి మరింతగా నిలవవలసింది వారు కల్పించుకున్న పరిభాష మీద. పైనుంచి కిందికి చూసే కోణం వారికి 'పటేల్ షాట్'. అరుగు మీది దొర కింద కూర్చున్నవారిని చూసే చూపు అది. కిందినుంచి పైకి చూసే కోణానికి దాస్యాన్ని సూచించే పేరు పెట్టారు. కంటికి సమానమైన ఎత్తులో పట్టేది 'సంఘం షాట్'. సంఘంలో అందరూ ఒకే నేల మీద కూర్చుంటారు గనుక.

ఇవి పాఠం గుర్తుంచుకోవడానికి వాడిన కొండగుర్తులు మాత్రమే అనవచ్చు. కాని 'హై యాంగిల్' అన్న పదం కెమెరా ఎత్తును మాత్రమే చెబుతుంది; 'పటేల్ షాట్' ఆ ఎత్తులో ఎవరు కూర్చున్నారో చెబుతుంది. సాంకేతిక పదంలోనే ఒక విలువ నిర్ణయం ఇమిడిపోయింది. విశ్వవిద్యాలయాలు పారిభాషిక పదకోశాలకు పడిన శ్రమలో ఇటువంటి పదాలు అరుదు. అయినా ఈ చిత్రాలపై వచ్చిన ప్రశంసలో అధికభాగం 'చదువురాని మహిళలు సైతం' అన్న ఆశ్చర్యం దగ్గరే ఆగిపోయింది. అది చిత్రకారుల స్థితిగతులను మెచ్చుకోవడమే తప్ప చిత్రాన్ని చదవడం కాదు.

చిత్రోత్సవం డబ్బు విషయంలో స్వతంత్రంగా ఉండగలదని గోరఖ్‌పూర్ చూపింది. జన సంస్కృతి మంచ్ 2006లో అక్కడ ఆరంభించిన 'ప్రతిరోధ్ కా సినిమా' ప్రాయోజకులను నిరాకరించి ప్రజల చందాలపై నడిచింది. ఇది చిన్న విషయం కాదు. కాని అక్కడ కూడా తెర మీది చిత్రాలు ఎక్కువగా శిక్షితులైన దర్శకులవి. శ్రామికుడు ప్రధానంగా ప్రేక్షకుడు. ఆ ప్రేక్షకుని మాటకు బెజాన్సోన్‌లో దక్కిన స్థానం దక్కాలంటే, ప్రదర్శనానంతర చర్చను కార్యక్రమపట్టికలో చివరి పావుగంటకు నెట్టడం కుదరదు.

శ్రామిక లఘుచిత్రాన్ని తూచేటప్పుడు న్యాయనిర్ణేతలు సాధారణంగా రెండు తక్కెడలు వాడతారు: విషయానికి నిజాయితీ, రూపానికి సాంకేతిక నాణ్యత. మొదటిదానిలో శ్రామికునికి ఉదారంగా మార్కులు పడతాయి. రెండవదానిలో అతడు వెనుకబడతాడు. నాణ్యత అన్నది ఎవరి కంటికి నాణ్యత అన్న ప్రశ్న ఆ పట్టికలో ఉండదు. నేటి లఘుచిత్రాలలో డ్రోన్ దృశ్యం విరివిగా కనిపిస్తోంది. పొలమూ బస్తీ ఆకాశం నుంచి అందంగా పరుచుకుంటాయి, మనుషులు చుక్కలవుతారు. సాంకేతిక నాణ్యత గడిలో దానికి మంచి మార్కులే పడవచ్చు. పస్తాపూర్ పరిభాషలో అది పటేల్ షాట్.