కమ్మనా, కంపూ

మడకశిర వైపునుంచి వచ్చిన విద్యార్థి వొకడు తన వ్యాసంలో "మల్లెపూల కంపు" అని రాశాడు. నేను ఎర్రసిరాతో "కంపు" కొట్టివేసి "పరిమళం" అని దిద్దాను. "మా ఇంట్లో అట్లాగే అంటాం సార్" అన్నాడు. ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లవాడు. తప్పు అతనిదేననుకున్నాను.

కన్నడంలో కంపు అంటే నేటికీ సువాసనే. తెలుగులోనూ పూర్వం ఆ మాట దుర్వాసనకే కట్టుబడి లేదు. పరిమళించడాన్ని తమిళులు "కమళ్" అంటారు. 1961లో బరో, ఎమెనో ప్రకటించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు యీ మాటలన్నిటినీ మన "కమ్మ"తో ఒకే కుదురులో చేర్చింది. అంటే "కమ్మన", "కంపు" తోబుట్టువులన్నమాట. కావ్యాల్లోని "కమ్మతెమ్మెర"ను చూడండి. గాలిని నాలుకతో ఎవరూ రుచి చూడరు గదా! అక్కడ కమ్మ అంటే తావి. చెవికమ్మ, తాటికమ్మ వేరే మాట.

మరి తోబుట్టువుల్లో ఒకటి మురికికాలవ పాలూ, మరొకటి విందు పాలూ ఎందుకైనట్టు? సంస్కృతం వచ్చి దేశిపదాన్ని గెంటివేసిందని మనలో కొందరు వెంటనే అంటారు. నేనూ అన్నాను. ఆ వాదం నిలవదు. పరిమళం, సుగంధం కన్నడంలోకీ వెళ్ళాయి. అక్కడ కంపు చెడలేదు. తమిళంలోనేమో "నాట్రం" ఒకప్పుడు పరిమళం, ఇప్పుడు దుర్వాసన. ఏ మాట గతినైనా తేల్చేది దాన్ని వాడే జనమే.

కమ్మన నిలిచింది ముక్కును దాటి నాలుకను చేరినందువల్లనే అని నా అభిప్రాయం. వంటింట్లో ఆ మాటకు ఖచ్చితమైన కొలత వుంది. పులియని పెరుగు కమ్మన. అప్పుడే కాచిన నెయ్యి కమ్మన. బెల్లం తియ్యనే గాని కమ్మన కాదు. ఏ నిఘంటువూ చదవకుండానే చల్ల చిలికిన ఆడవాళ్ళు యీ తేడాను కాపాడారు.

చదువుకున్న మనమే ఆ కొలత పోగొట్టాం. "కమ్మని కవిత", "కమ్మని శైలి" అంటూ ప్రతి పుస్తకంమీదా చల్లుతున్నాం. కమ్మన అన్న విమర్శకుడు పులిసింది ఎక్కడో కూడా చూపగలగాలి.

నా దిద్దుబాటూ అటువంటిదే. కొలత తెలియకుండా తూచాను. ఇవాళ తెలుగులో కంపు అంటే దుర్వాసనేనని విద్యార్థికి చెప్పడం నా విధి, నిజమే. ఐతే ఆ మాట నడిచివచ్చిన దారి చూపి చెప్పవలసింది. నేను ఎర్రగీత గీసి వూరుకున్నాను.