‘తహాఫుతుల్ ఫలాసిఫా’ - విజ్ఞాన యుగంలో దాని విలువ

ప్రయోగశాల జవాబు చెబుతున్నప్పుడు ఇక తత్వశాస్త్రంతో పనేమిటి? విద్యాధికులలో ఈ ప్రశ్న తరచు వినబడుతుంది. దీనికి తోడు ముస్లిం ప్రపంచంలో విజ్ఞానం అడుగంటడానికి ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) రచనయే కారణమన్న నింద ఒకటి. ‘తహాఫుతుల్ ఫలాసిఫా’ను శ్రద్ధగా చదివినవారికి ఈ రెండు మాటలూ తొందరపాటుగానే తోస్తాయి.

హిజ్రీ 488 (క్రీ.శ. 1095)లో పూర్తయిన ఈ గ్రంథంలో 20 చర్చలున్నాయి. ఫారాబీ, ఇబ్నె సీనాల సిద్ధాంతాలే ఇందులో ముఖ్యంగా విమర్శకు గురైనవి. అయితే గ్రంథకర్త పీఠికలోనే ఒక హద్దు గీశారు. గ్రహణాలకు ఖగోళ శాస్త్రజ్ఞులు చూపే కారణం గణితంతో రుజువైనదనీ, దానిని ధర్మం పేరిట కాదనేవాడు ధర్మానికే హాని చేస్తాడనీ హెచ్చరించారు. గణితానికున్న నిశ్చయత్వాన్ని తమ అధిభౌతిక ఊహలకు అంటగట్టిన వారితోనే ఆయన వాదం.

గ్రంథానికి ఆయువుపట్టు 17వ చర్చ. నిప్పు తగిలితే పత్తి కాలుతుంది. ఇందులో కంటికి కనిపించేదేమిటి? నిప్పు తగలడం, పత్తి కాలడం. మొదటిది రెండవదానిని అనివార్యం చేయడం ఎవరికీ కనిపించదు. ఈ క్రమం అల్లాహ్ నెలకొల్పిన ఆనవాయితీ అని ఇమామ్ గారి సమాధానం. 1748లో డేవిడ్ హ్యూమ్ వేరే ఉద్దేశంతో ఇంచుమించు ఇదే ప్రశ్న లేవదీశాడు.

సుమారు 1180లో ఇబ్నె రుష్ద్ ‘తహాఫుతుత్ తహాఫుత్’ వ్రాసి దీనిని ఖండించారు. కారణాలను కాదంటే బుద్ధినే కాదన్నట్లనీ, వస్తువులకు స్వభావం లేకుంటే వాటి పేర్లకూ అర్థముండదనీ ఆయన వాదన. ఇది బలమైన వాదనే. కాని ఇమామ్ గారు అదే చర్చలో ఇచ్చిన రెండవ సమాధానాన్ని కూడా చూడాలి. నిప్పుకు స్వభావం ఉన్నదనీ, ఒకేలాంటి రెండు పత్తి ముక్కలను అది ఒకేలా కాలుస్తుందనీ అక్కడ అంగీకరించారు. అయితే ‘తల్ఖ్’ అనే ఖనిజం పూసుకున్నవాడు కొలిమిలో కాలకుండా ఉండగలిగినట్లే, మనకు తెలియని కారణాలు కూడా ఉండవచ్చునన్నారు.

గ్రంథంలో లోపాలు లేకపోలేదు. కూల్చడమే తన పని, కట్టడం కాదని గ్రంథకర్తే చెప్పుకున్నారు. అందువల్ల పై రెండు సమాధానాలలో ఏది ఆయన స్థిరాభిప్రాయమో పాఠకునికి తేలదు. చివర మూడు విషయాలలో తత్వవేత్తలపై కుఫ్ర్ తీర్పు ఇవ్వడంతో, తర్కంతో సాగిన చర్చ ఫత్వాగా ముగిసింది. అయినా విజ్ఞానానికి ఆయనే సమాధి కట్టారనడానికి చరిత్ర ఒప్పుకోదు. 1259లో మరాగా వేధశాల వెలసింది. గ్రహగతులపై లోతైన కృషి చేసిన ఇబ్నుష్ షాతిర్ 14వ శతాబ్దంలో దమస్కస్ జామె మసీదులోనే సమయపాలకుడు.

ఇక నేటి మాట. రేడియం సగం క్షీణించడానికి సుమారు 1,600 ఏళ్లు పడుతుందని భౌతికశాస్త్రం లెక్క కడుతుంది. కాని ఫలానా పరమాణువు ఇప్పుడే ఎందుకు క్షీణించిందో చెప్పదు. దానికి కారణం మనకు తెలియలేదా, అసలు కారణమే లేదా? కొలతలు మాత్రమే ఈ ప్రశ్నను తేల్చలేవు. ‘కారణం’ అంటే ఏమిటో ముందు విచారించాలి. ఆ విచారణయే తత్వశాస్త్రం. ఇమామ్ గారు ఈ భౌతికశాస్త్రాన్ని ముందే ఊహించారనడం మాత్రం ఆయనకు గౌరవం కాదు.

ప్రకృతి నియమాలు తెలిసినందున సృష్టికర్త అవసరం తీరిందని భావించే విద్యార్థి 17వ చర్చ చదవాలి. రుజువైన శాస్త్రాన్ని వేదికపై నుంచి నిరాకరించే ఉపన్యాసకుడు ఆ పీఠిక చదవాలి. ఇద్దరూ ఇబ్నె రుష్ద్ ఖండనను పక్కన పెట్టుకుని చదివితే మరీ మేలు.