చెస్టర్టన్ చూపిన తలకిందుల దారి

మాన్వి, లింగసుగూరు వైపు దాససాహిత్యం వింటూ పెరిగినవాళ్ళకు ముండిగె అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. పైకి అర్థంపర్థం లేనట్టు, ఒక మాట ఇంకో మాటను కొట్టేస్తున్నట్టు వినిపిస్తుంది. ముడి విప్పితే లోపల తత్త్వం ఉంటుంది. కనకదాసు ముండిగెలకూ, అల్లమప్రభువు బెడగిన వచనాలకూ, మన వీరబ్రహ్మంగారి తత్త్వాలకూ ఇదే నడక. విజయదాసు పుట్టిన చీకలపర్వి, జగన్నాథదాసు కాలం గడిపిన మాన్వి రాయచూరు జిల్లాలోనివే. తెలుగూ కన్నడమూ కలిసి వినిపించే ఆ నేల మీది పాఠకుడు జి.కె. చెస్టర్టన్‌ను చదివితే ఎక్కడో విన్న గొంతులాగే అనిపిస్తుంది. విరోధాభాసతో నిజం చెప్పడంలో ఇంగ్లీషు వచనంలో ఆయన్ను మించినవాళ్ళు అరుదు.

ఒక తేడా మాత్రం ఉంది. ముండిగె అర్థాన్ని దాచిపెట్టి, అర్హత ఉన్నవాడికే తలుపు తీస్తుంది. చెస్టర్టన్ రాసింది కాఫీ తాగుతూ పత్రిక తిరగేసే మామూలు మనిషి కోసం. అందుకే ఆయన ముడి వేసిన పేజీలోనే విప్పేస్తాడు.

గిల్బర్ట్ కీత్ చెస్టర్టన్ 1874 మే 29న లండన్‌లో పుట్టాడు. బొమ్మలు వేయడం నేర్చుకోబోయి పత్రికల్లోకి వచ్చిపడ్డాడు. 1905 నుంచి 1936లో కన్నుమూసేదాకా ‘ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్’లో వారం వారం శీర్షిక నడిపాడు. అదే కాలంలో మన దగ్గర పానుగంటి లక్ష్మీనరసింహారావు ‘సాక్షి’ వ్యాసాలతో జంఘాలశాస్త్రి అనే పాత్ర చేత సంఘాన్ని ఉతికించారు. పానుగంటివారిది సభలో నిలబడి గొంతెత్తే ధోరణి. చెస్టర్టన్‌ది పక్కన కూర్చుని భుజం తట్టే ధోరణి. క్రైస్తవ విశ్వాసాన్ని సమర్థిస్తూ 1908లో ‘ఆర్థొడాక్సీ’ రాశాడు, 1922లో కాథలిక్ సంఘంలో చేరాడు. తాను నమ్మినదాన్ని ముఖం చిట్లించుకుని కాకుండా నవ్వుతూ చెప్పడం ఆయనకు పుట్టుకతో వచ్చిన గుణం.

ఆయన పద్ధతికి మొదటి మెట్టు అల్పమైన వస్తువు. ‘ఎ పీస్ ఆఫ్ చాక్’ వ్యాసమే చూడండి. బొమ్మలు వేసుకుందామని గోధుమరంగు కాగితం, రంగు సుద్దముక్కలు పట్టుకుని దక్షిణ ఇంగ్లండు కొండల మీదికి వెళ్తాడు. తీరా చూస్తే తెల్ల సుద్ద లేదు. ఇక్కడ కాసేపు ఆగి తెలుపు గురించి మాట్లాడతాడు. తెలుపంటే రంగు లేకపోవడం కాదు, అదీ ఒక రంగే. మంచితనమూ అంతే, చెడు చేయకుండా ఊరుకోవడం కాదు, నిప్పులా వెలిగే గుణం. బజారుకు పోదామా అంటే దగ్గర్లో అంగడి లేదు. అప్పుడు చటుక్కున తడుతుంది, తాను కూర్చున్న కొండంతా సుద్దరాయే అని. వంగి ఒక ముక్క విరుచుకుంటాడు. వ్యాసం అక్కడితో సరి. వెతుకుతున్నది కాళ్ళకిందే ఉందన్న వేదాంతాన్ని ఉపన్యాసం లేకుండా, జేబు తడుముకునే మనిషి చేత చెప్పించాడు.

‘టోపీ వెంట పరుగెత్తడం’ గురించిన వ్యాసంలోనూ ఇదే పని చేశాడు. గాలికి ఎగిరిన టోపీ, బిగుసుకుపోయి రాని సొరుగు, రాని రైలు కోసం పడిగాపులు: చిరాకు పుట్టించే వీటన్నిటినీ ఆటగా, సాహసంగా చూడమంటాడు. స్టేషన్లో కూర్చున్న పిల్లవాడు సిగ్నలు దీపం ఎరుపు నుంచి పచ్చకు మారడాన్ని వింతగా చూస్తాడు, పెద్దవాడు గడియారం చూసి విసుక్కుంటాడు. వాళ్ళిద్దరిలో లోకాన్ని సరిగ్గా చూస్తున్నది పిల్లవాడే అన్నది చెస్టర్టన్ తీర్పు.

కథల్లోకి వచ్చేసరికి ఈ చూపే అపరాధ పరిశోధన అయింది. 1910లో మొదలైన ఫాదర్ బ్రౌన్ కథలు యాభై దాకా ఉన్నాయి. గుండ్రటి ముఖం, చేతిలో గొడుగు, ఎవరూ రెండోసారి చూడని పొట్టి ఫాదరు. షెర్లాక్ హోమ్స్ బూడిదనూ బురదనూ పరీక్షిస్తే, ఈయన మనుషుల్ని పరీక్షిస్తాడు. బీజాపూరు సుల్తానుల కాలం నుంచీ కాథలిక్కులున్న ముదగల్ లాంటి ఊళ్ళో ఇందుకు కారణం ఇట్టే అర్థమవుతుంది. పాపసంకీర్తనం వినే గురువుకు మనిషి ఎంత దూరం దిగజారగలడో తెలుసు. ఆ నేరం తానూ చేయగలనని ఒప్పుకోవడమే ఫాదర్ బ్రౌన్ పద్ధతి. నేరస్థుడు వేరే జాతి జంతువు అనుకున్నవాడికి నేరం అర్థం కాదన్నది ఈ కథలన్నిటి ఇరుసు.

‘ది క్వీర్ ఫీట్’ కథ ఈ పనితనానికి మంచి మచ్చు. గొప్పవాళ్ళ క్లబ్బు విందు జరిగే హోటల్లో, జబ్బుపడ్డ వెయిటరు కోసం వచ్చిన ఫాదర్ బ్రౌన్ చిన్న గదిలో కూర్చుని ఏదో రాసుకుంటుంటాడు. బయట నడవాలో అడుగుల చప్పుడు. కాసేపు గబగబా, తేలిగ్గా. కాసేపు నెమ్మదిగా, దర్జాగా. బూటు కిర్రుమనే తీరును బట్టి రెండూ ఒకే మనిషి అడుగులని తెలిసిపోతుంది. మనిషొక్కడే, నడకలు మాత్రం రెండు. పనివాళ్ళ ఎదుట దొరలాగా, దొరల ఎదుట పనివాడిలాగా నడుస్తూ ఒక దొంగ వెండి చేపకత్తులూ ఫోర్కులూ కాజేస్తున్నాడు. ఇద్దరి నల్లకోటూ ఒకటే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. గోడ అవతల నుంచి కంటితో చూడకుండా చెవితోనే దొంగను పట్టడం కథకు అందం. దొరకూ నౌకరుకూ మధ్య ఉన్నది నడకంత తేడానే అని తేల్చడం దాని విలువ.

‘ది ఇన్విజిబుల్ మ్యాన్’ ఇంకా పదునైనది. నలుగురు కాపలా ఉన్న భవనంలోకి ఎవరూ వెళ్ళలేదని నలుగురూ చెబుతారు. కానీ మంచు మీద అడుగుజాడలున్నాయి, లోపలి మనిషి మాయమయ్యాడు. వచ్చి వెళ్ళింది పోస్ట్‌మన్. రోజూ కనిపించే పనివాణ్ణి వాళ్ళు మనిషిగా లెక్కవేయలేదు. ఇంటికి పాలు పోసేవారూ, వీధి ఊడ్చేవారూ మన కంటికి ఎంతవరకు ఆనుతున్నారు? మన దేశంలో ఈ కథకు ఉండే బరువు ఇంగ్లండులో కంటే ఎక్కువే.

ఆయన తర్కంలో పేరుపడ్డది ‘కంచె’ వాదం. 1929 నాటి ‘ది థింగ్’లో వస్తుంది. దారికి అడ్డంగా ఒక కంచె ఉంది. దీనివల్ల లాభమేమీ కనిపించడం లేదు, పీకేద్దాం అంటాడొకడు. ఎందుకు కట్టారో తెలుసుకుని రా, అప్పుడు పీకడం గురించి ఆలోచిద్దాం అంటాడు తెలివైనవాడు. పాతదంతా మంచిదని చెస్టర్టన్ అనలేదు. కారణం తెలియకుండా తీసిపారేసే హక్కు లేదన్నాడు, అంతే. అలాగని అధికారానికి కొమ్ముకాసినవాడూ కాదు. తన దేశం చేసిన బోయర్ యుద్ధాన్ని ఎదిరించాడు. బలహీనులు పిల్లల్ని కనకూడదనే ‘మేలు జాతి’ సిద్ధాంతం మేధావులకు ముద్దొస్తున్న రోజుల్లో, 1922లో దానికి ఎదురుగా ఒక పుస్తకమే రాశాడు.

మన చరిత్రలోనూ ఆయన కలం పడింది. 1909 సెప్టెంబరు 18న భారత జాతీయవాదం మీద తన శీర్షికలో రాశాడు. లండన్‌లోని భారతీయ యువకులు కోరుతున్నది ఇంగ్లీషు పద్ధతుల్నే అయితే అందులో భారతీయత ఎక్కడ అన్నది ఆయన ప్రశ్న. అప్పుడు లండన్‌లోనే ఉన్న గాంధీ దాన్ని చదివి, తన ‘ఇండియన్ ఒపీనియన్’ పాఠకులకు గుజరాతీలో పరిచయం చేశారు. ఆ నవంబరులోనే ఓడ మీద ‘హింద్ స్వరాజ్’ రాశారు. ఇంగ్లీషువాడు లేని ఇంగ్లీషు పాలన మనకెందుకన్న ప్రశ్న ఆ పుస్తకంలో బలంగా వినిపిస్తుంది.

లోపాలూ ఉన్నాయి. విరోధాభాస ఒక్కోసారి అలవాటుగా మారి, వరసగా పది వ్యాసాలు చదివితే విసుగు పుట్టిస్తుంది. అంతకంటే పెద్ద మచ్చ యూదుల గురించి ఆయన రాసిన మాటలు. ఆయన్ను పునీతుడిగా ప్రకటించాలన్న ప్రయత్నాన్ని 2019లో నార్తాంప్టన్ బిషప్ ముందుకు తీసుకెళ్ళలేదు. చెప్పిన కారణాల్లో ఇదీ ఒకటి. పనివాణ్ణి మనిషిగా చూడమన్న రచయిత ఒక జాతి విషయంలో చూపు కోల్పోవడం విచారకరం. దాన్ని దాచిపెట్టకుండానే ఆయన్ను చదవాలి.

వాదనలో మర్యాద మాత్రం ఆయన దగ్గరే నేర్చుకోవాలి. బెర్నార్డ్ షాతో మతం, రాజకీయం, తిండి, తాగుడు దేని మీదా పొసగలేదు. వేదికల మీద ఏళ్ళ తరబడి తలపడ్డారు. చివరిదాకా స్నేహితులుగానే మిగిలారు. ఎదుటివాడి వాదాన్ని వాడికంటే బాగా చెప్పి, ఆ తర్వాత కాదనడం చెస్టర్టన్ అలవాటు.

ఆయన రచనలకు మన దేశంలో హక్కుల గడువు 1986తోనే తీరిపోయింది. ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరైనా తెలుగు చేయవచ్చు. కన్నడ ముండిగెనూ తెలుగు తత్త్వాన్నీ ఒకే చెవితో విన్న రాయచూరు, బళ్ళారి ప్రాంతాల రచయితలకు ఈ పని బాగా నప్పుతుంది. ‘ది క్వీర్ ఫీట్’తో మొదలుపెట్టి, ‘ఎ పీస్ ఆఫ్ చాక్’ తోడు చేసి, నాలుగు కథలూ ఆరు వ్యాసాలతో ఒక చిన్న పుస్తకం తెస్తే తెలుగు పాఠకులకు మేలు చేసినవాళ్ళవుతారు.