ముఖం గోడకెక్కింది, పేరెక్కలేదు

హైదరాబాదు గోడల మీద ఇప్పుడు మావాళ్ల ముఖాలు కనిపిస్తున్నయి. ముడతలు పడ్డ ముసలమ్మలు, ముక్కుపుడకల అవ్వలు, నెత్తిన బోనమెత్తిన ఆడబిడ్డలు, పండ్లు కనిపించేటట్టు నవ్వే పిల్లలు. ఫ్లైఓవర్ స్తంభాల నుంచి బస్తీ ఇండ్ల దాకా, రెండంతస్తులు, మూడంతస్తుల ఎత్తున. దీన్ని వీధి చిత్రకళ అంటున్నరు. పత్రికలు ఫొటోలు వేస్తున్నయి. సెలవు రోజున కెమెరాలు మెడల వేసుకొని జనం వచ్చి చూసి పోతున్నరు. బాగున్నయా అంటే బాగున్నయి. కానీ ఈ బొమ్మల్ని మా వైపు నిలబడి చూసి మంచీ చెడూ చెప్పినవాళ్లు తక్కువ. నేను చిత్రకళ చదువుకున్నవాణ్ణి కాను, సర్కారు బడిల పంతులును. అయినా గోడలకు సున్నం వేసినవాని కొడుకును కాబట్టి మాట్లాడే హక్కు నాకుందనుకుంటున్న.

మాది పాలమూరు జిల్లా. మా నాయిన పట్నం వచ్చి సున్నాలేసే కూలీ. తుమ్మబంక కలిపిన సున్నం, జనపనార కుంచె, వెదురు నిచ్చెన, ఇవే ఆయన ఆస్తి. ఎన్నికలు అయిపోయినంక పార్టీల రాతలను చెరపడానికి కాంట్రాక్టరు ఆయన్నే పిలిచేవాడు. మా ఇంట్ల మొదటి డిగ్రీ నాది, నాయినకు అక్షరం రాదు. ‘ఇయ్యాల ఏం రాతలు చెరిపినవే నాయినా’ అని ఒకసారి అడిగిన. ‘నాకేమెరుక బిడ్డా. రంగు రంగులున్నది తెల్లగ జేసిన’ అన్నడు. ఈ దేశంల రాసేవాడు ఒకడు, రాయించేవాడు ఒకడు, చెరిపేవాడు ఇంకొకడు. చెరిపేవానికి చదవడం రాకుండ చూసుకున్నరు. గోడ గురించి నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇది.

రెండో పాఠం మా ఊళ్లె దొరికింది. మాదిగవాడ నుంచి బడికి పోయే తొవ్వల పంచాయతీ ఆఫీసు గోడ, ఎరువుల దుకాణం గోడ, రేషన్ షాపు గోడ ఉండేవి. కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం, ఎన్నికల గుర్తులు, పురుగుల మందుల ప్రకటనలు చూసుకుంట నేను అక్షరాలు కూడబలుక్కున్న. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిల పుట్టిన దండోరా కొన్నేండ్లకు మా దిక్కు వచ్చింది. ఒకనాడు పొద్దుగాల ఎరువుల దుకాణం గోడ మీద మూరెడు ఎత్తు అక్షరాలతో పేర్లు కనిపించినయి. ప్రతి పేరు చివర ‘మాదిగ’ అని ఉంది. అంతకుముందు దాకా ఆ మాట నాకు తిట్టుగనే తెలుసు. ఊరి నోటి నుంచి అది ఉమ్ములాగ వచ్చి పడేది. అదే మాట తెల్లసున్నం మీద నీలిరంగుల నిటారుగ నిలబడి ఉంది. అక్షరాలు సమంగ లేవు, ‘మా’కు దీర్ఘం పక్కకు ఒరిగింది. అయితేనేం! నేను చూసిన గోడ రాతలన్నిటిల అందమైనది ఏదని అడిగితే ఇప్పటికీ ఆ పేర్లనే చెబుత.

నా కొలత అక్కడి నుంచే వచ్చింది. గోడ మీద ఎవరి బొమ్మ ఉంది అని అందరూ చూస్తరు. ఎవరి పేరు ఉంది, ఎవరు రాసిండ్రు, ఎవరు చెరపగలరు, ఈ మూడూ నేను చూస్త.

ఈ కొలతతో పట్నం తిరుగుదాం. రాజ్‌భవన్ వెనక, హుస్సేన్‌సాగర్‌కు దగ్గర ఎం.ఎస్. మక్తా అనే బస్తీ ఉంది. 2016ల స్టార్ట్ ఇండియా అనే సంస్థ దేశవిదేశాల చిత్రకారులను తీసుకొచ్చి అక్కడి ఇండ్ల గోడల మీద బొమ్మలు వేయించింది. అప్పటి నుంచి ఆ బస్తీకి ‘మక్తా ఆర్ట్ డిస్ట్రిక్ట్’ అని ఇంకో పేరు వచ్చింది. టికెట్ లేదు, చెప్పులు విడిచే పని లేదు, గేటుకాడ ‘ఎవరు నువ్వు’ అని అడిగేవాడు లేడు. మ్యూజియం మెట్లెక్కడానికి జంకే మనిషి తన గుమ్మం ముందు నిలబడి బొమ్మ చూస్తడు. ఇది చిన్న సంగతి కాదు. గుడి లోపలి శిల్పాన్ని శతాబ్దాల పాటు బయటి నుంచి కూడ చూడనియ్యని దేశంల, బొమ్మే మన వాకిట్లకు రావడాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను.

పనితనం కూడ గొప్పదే. స్వాతి, విజయ్ అనే దంపతులు పట్నం గోడల మీద తెలంగాణ ఆడవాళ్ల ముఖాలు వేస్తరు. కట్టు, బొట్టు, ముక్కుపుడక అన్నీ మన ఇండ్లల్ల చూసినవే. ఆ ముఖాలల్ల సినిమా తెలుపు లేదు. ఎండకు కాలిన నలుపు మీద వెలుగు ఎట్ల పడుతదో తెలిసిన చేతులవి. నలుపును నలుపుగనే పెద్దగ చూపిన బొమ్మ ముందు మా పిల్లలు కొంచెం నిటారుగ నిలబడతరు. అది నేను కండ్లార చూసిన.

మరి తక్కువేంది? నేను తిరిగినంత మేర ఇట్లాంటి బొమ్మల కింద చిత్రకారుని సంతకం ఉంటుంది, రంగుల కంపెనీ పేరు ఉంటుంది. బొమ్మల ఉన్న అవ్వ పేరు మాత్రం ఉండదు. ఆమె ‘శ్రామిక స్త్రీ’ అయితది, ‘తెలంగాణ తల్లి’ అయితది, ‘చిరునవ్వు’ అయితది. ఎల్లమ్మనో, పోశమ్మనో, బీబమ్మనో కాదు. మన ముఖం వాడుకోవడం కొత్త కాదు. కథలల్ల వాడుకున్నరు, సినిమాలల్ల వాడుకున్నరు, ప్రభుత్వ పథకాల పోస్టర్లల్ల వాడుకున్నరు. అన్నిట్ల ముఖం మనది, పేరు ఖాళీ. ఒక బస్తీల ఇంటి గోడకు బొమ్మ వేయించుకున్న ఒక అమ్మను అడిగిన. ‘బొమ్మ మంచిగనే ఉంది సారూ. అందరొచ్చి గోడ దిక్కు చూసి పోతరు. తలుపు దిక్కు ఎవ్వరు చూడరు’ అన్నది. ఇంతకంటే మంచి కళావిమర్శ నేను పుస్తకాలల్ల చదవలేదు.

అసలు ఈ గోడ రాతల కళ పేరుతోనే మొదలైంది. న్యూయార్కుల ఉత్తరాలు, పార్సిళ్లు చేరవేసే ఒక కుర్రవాడు తిరిగిన చోటల్ల ‘టాకి 183’ అని రాసేవాడు. టాకి ఆయన ముద్దుపేరు, 183 ఆయన ఉండే వీధి నంబరు. 1971ల న్యూయార్క్ టైమ్స్ ఆ రాతల గురించి రాసింది. తర్వాత వందలమంది పిల్లలు రైలు పెట్టెల నిండ పేర్లు రాసిండ్రు. అంతకుముందే 1967ల, చికాగో సౌత్‌సైడుల నల్లజాతి చిత్రకారులు ఒక పాతబడ్డ భవనం మీద తమ వీరుల బొమ్మలు వేసిండ్రు. మాల్కం ఎక్స్, మహమ్మద్ అలీ, డుబోయిస్, కవయిత్రి గ్వెండొలిన్ బ్రూక్స్ అందుల ఉన్నరు. దానికి ‘వాల్ ఆఫ్ రెస్పెక్ట్’ అని పేరు పెట్టుకున్నరు, మన మాటల ఆత్మగౌరవ గోడ. 1971ల మంటలంటుకున్నంక ఆ భవనాన్ని కూల్చేసిండ్రు. అయినా అది ఇంకా బతికే ఉంది. అందుల ఎవరెవరున్నరో పేరు పేరునా చెప్పగలుగుతున్నం కాబట్టి.

మన దగ్గర పేరు రాసినోని మీద కేసు. 1997ల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బహిరంగ స్థలాలను వికృతం చేయొద్దని చట్టం తెచ్చింది. అశ్లీల పోస్టర్లను ఆపడం మంచిదే. కానీ అనుమతి లేని నినాదం కూడ అదే చట్టం కిందికి వస్తది. అనుమతి దొరికిన రంగు కళ అయితది, దొరకని రంగు నేరం అయితది. అనుమతి ఎవరికి దొరుకుతదో మనకు తెల్వదా? ఇక మూత్రం పోయకుండ గోడకు దేవుళ్ల పలకలు అంటిస్తరు చూడండి, దానికి ఏ అనుమతీ అక్కర లేదు. గుడిల పూజలందుకునే దేవుడు సందుల వాచ్‌మెన్ ఉద్యోగం చేస్తుంటడు. అందరికీ ఆమోదమే!

మక్తా బొమ్మలకు ముందు ఈ పట్నంల వీధి చిత్రకారులు లేరా? ఉన్నరు. బోర్డు ఆర్టిస్టులని పిలిచేటోళ్లం. దారానికి సుద్ద పూసి, గోడ మీద సాగదీసి టప్పున కొడితే గీత పడేది. ఆ గీతల మధ్య ఒక్క ఊపుల అక్షరం రాసేటోళ్లు. మా వాడలల్ల అంబేద్కర్ బొమ్మ వేసింది వాళ్లే. నీలి కోటు, ఎర్ర టై, చేతుల రాజ్యాంగం, ముందుకు చాపిన వేలు. ఒక ఊళ్లె ఆయన మా పెదనాయినలెక్క ఉంటడు, ఇంకో ఊళ్లె సినిమా హీరోలెక్క ఉంటడు. కండ్లద్దాలు పెట్టినంకనే గుర్తుపడతం. పోలిక కుదరలేదని చదువుకున్నోళ్లు నవ్వుతరు. నాకు మాత్రం ఆ పోలిక కుదరకపోవడంలనే ప్రేమ కనిపిస్తది. ప్రతి వాడ ఆయన్ని తన ఇంటి మనిషి పోలికతో గీసుకుంది. 2023 ఏప్రిల్ 14న హుస్సేన్‌సాగర్ దగ్గర 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం ఆవిష్కరించిండ్రు. సంతోషమే. కానీ ఆ ముఖాన్ని వాడవాడల నిలబెట్టిన బోర్డు ఆర్టిస్టులను ఫ్లెక్సీ మిషన్లు మింగేసినయి. వాళ్ల పేర్లు ఏ పుస్తకంల లేవు.

ఫ్లెక్సీని కూడ తిట్టి ఊరుకోలేను. 2016 జనవరిల హైదరాబాదు విశ్వవిద్యాలయంల హాస్టలు నుంచి వెలి వేసిన అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థులు ఆరుబయట గుడారం కట్టిండ్రు. దాని చుట్టూ అంబేద్కర్, ఫూలే, సావిత్రిబాయిల ఫ్లెక్సీలు నిలబెట్టి ‘వెలివాడ’ అని పేరు పెట్టిండ్రు. జనవరి 17న వాళ్లల్ల ఒకడైన రోహిత్ వేముల మనకు లేకుండ పోయిండు. తర్వాత ఆయన ముఖం దేశంల ఎన్నో క్యాంపసుల గోడలకెక్కింది. ఏ గోడ మీద చూసినా ముఖం పక్కన పేరుంది. కళ అంటే రంగుల మిశ్రమమే అనుకునేటోళ్లకు వెలివాడల కళ కనబడదు. ఊరు మన మీద రుద్దిన మాటనే తీసుకొని గోడ కట్టడం, దాన్ని దేశమంతటి చేత పలికించడం, దీనికంటే పెద్ద చిత్రకళ ఏముంది? 2019ల ఆ వెలివాడను తీసేసిండ్రు. పేరును తీసెయ్యడం వాళ్ల చేతులల్ల లేకపోయింది.

ఇదంత నాకు ఊసుపోక మాట్లాడే ముచ్చట కాదు. నేను పనిచేసే బడి ఒక బస్తీ అంచున ఉంది. ప్రహరీ గోడకు రంగులు వేయిస్తమని ఒక సంస్థ వాళ్లు వచ్చిండ్రు. కార్టూను జంతువులు, ఇంద్రధనుస్సు, ఇంగ్లీషు సూక్తులు, అన్నీ ముందే కాగితం మీద అచ్చయి వచ్చినయి. ‘సార్, గీండ్ల మన బస్తీ యాడుంది?’ అని ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి అడిగింది. గేటు నుంచి నల్లా దాకా ఉన్న గోడ పిల్లలకు వదలండని పట్టుబట్టిన. చానా మాటలైనంక ఒప్పుకున్నరు. ఏం రాయాలె అంటే పిల్లలే తేల్చిండ్రు. అమ్మ పేరు, పక్కన అమ్మ చేసే పని. ఇండ్లల్ల పాచి పని, రోడ్లు ఊడ్చే పని, కూరగాయల బండి, బీడీలు. కొందరు ఇంటికి పోయి అడిగి రావలసి వచ్చింది. ‘ఫలానావాని అమ్మ’ అని తప్ప పూర్తి పేరుతో ఆమెను పిలిచినోళ్లు లేరు మరి. అక్షరాలు వంకరపోయినయి, రంగు కిందికి కారింది. సాయంత్రం ఒక తల్లి వచ్చి బిడ్డతోని చదివించుకొని, తడి ఆరని తన పేరు మీద వేలు పెట్టి ‘నా పేరు గింత పొడుగుంటదా!’ అన్నది.

పక్కనున్న ఏనుగు బొమ్మ చక్కగ ఉంది. కానీ తొవ్వల పోయేటోళ్లు పేర్ల దగ్గర ఆగుతున్నరు.

చిత్రకారులతో మాకు పగ లేదు. వాళ్ల కుంచె మాకు కావాలె, మా గోడలు వాళ్లకు కావాలె. మేం అడిగేది మూడే. బొమ్మ వేసే ముందు గోడ వెనకున్న మనిషిని ఏం వెయ్యమంటవని అడగండి. ముఖం గీస్తే పేరు రాయండి. మా బోర్డు ఆర్టిస్టులను నిచ్చెన పట్టుకునే కూలీలుగ కాక తోటి కళాకారులుగ పిలవండి. మనోళ్లు కూడ ఒక పని చెయ్యాలె. వాడల మిగిలిన ప్రతి నీలి గోడను, దాన్ని రాసిన చేతి పేరును, రాసిన సంవత్సరాన్ని నోటుబుక్కుల ఎక్కించాలె. సున్నం పడకముందే ఎక్కించాలె. మూడంతస్తుల ముఖానికి జాగ దొరికిన పట్నంల, దాని కింద పేరుకు జానెడు జాగ దొరకదా? అడుగుదాం. ఇయ్యకపోతే కుంచె మన చేతుల కూడ ఉంది.