యంత్రభాషను విప్పు పనిముట్టు: ఒక పరిశీలన

కంప్యూటరుకు అందు ఆజ్ఞలన్నియు 0, 1 అంకెల వరుసలే. వానిని మరల మనుష్యులు చదువదగిన సంకేతపదములుగా మార్చు ప్రోగ్రామునే డిసెంబ్లరు అందురు. 2010లో బర్క్‌లీలో ఆరంభమైన రిస్క్-ఫైవ్ ఆజ్ఞావళిలో, ఎవరైనను సొంత ఆజ్ఞలు చేర్చుకొనుటకు కొంత చోటు విడిచిరి. మద్రాసు ఐ.ఐ.టి. వారి 'శక్తి' ప్రాసెసర్లు అనుసరించునది ఈ ఆజ్ఞావళినే.

దీనిని విప్పుటలో గ్నూ వారి 'ఆబ్జ్‌డంప్' మెచ్చదగినది. ఎరుగని ఆజ్ఞకు పేరు కల్పింపక అంకెనే చూపును. 'కస్టమ్-0' ఆజ్ఞల చివరి ఏడు బిట్లు 0001011. వానినిబట్టి నిడివి 32 బిట్లని తెలియును గనుక తరువాతి ఆజ్ఞ దారి తప్పదు.

అయినను లోపమొకటి గలదు. అసెంబ్లరు, డిసెంబ్లరు రెండును ఒకే పట్టికను చూచును. కొత్త ఆజ్ఞను చేర్చునపుడు అందొక బిట్టు తప్పు పడినచో, మొదటిది తప్పు వ్రాయును, రెండవది దానినే సరియని చదువును. ఉపాధ్యాయుడును విద్యార్థియు ఒకే అచ్చుతప్పును నమ్మినట్లగును. ప్రాసెసరు నిర్దేశపత్రమును చూచి చేతితో కట్టిన అంకెలతో సరిపోల్చుటయే అసలు పరీక్ష.